చీటీ ఉన్న మందు, చీటీ లేని మందు: సైక్లింగులో వైద్య మినహాయింపుల సంగతి

ట్రయామ్సినొలోన్ అనే స్టిరాయిడ్ తిరుపతిలోని చర్మవైద్యులకు కొత్త మందు కాదు. కుట్లు పడ్డ చోటో, కాలిన చోటో మచ్చ గట్టిపడి ఉబ్బెత్తుగా పెరుగుతుంటే దాన్ని అణచడానికి ఈ మందునే సూదితో మచ్చలోకి ఎక్కిస్తారు. రుయా ఆసుపత్రి చుట్టుపక్కల మందుల షాపుల వాళ్ళకు దాని బ్రాండు పేరు కెనాకార్ట్ అంటే వెంటనే తెలుస్తుంది. 2012 జూన్ చివర్లో, ఫ్రాన్స్‌లో జరిగే పేరుమోసిన సైకిల్ పందెం టూర్ డి ఫ్రాన్స్ ఇంకొద్ది రోజుల్లో మొదలవుతుందనగా, బ్రిటన్ సైక్లిస్టు బ్రాడ్లీ విగ్గిన్స్ కండలోకి ఇదే మందు 40 మిల్లీగ్రాములు ఎక్కింది. అలాంటి సూది పోటీల సమయంలో నిషిద్ధం. అయినా విగ్గిన్స్ నియమం తప్పినట్టు కాదు. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ ఇచ్చిన అనుమతి ఆయన పేరున ఉంది. ఆ ఏడాది టూర్ గెలిచి, బ్రిటన్ నుంచి ఆ పోటీ గెలిచిన మొదటి మనిషిగా నిలిచాడు.

ఆ అనుమతినే వైద్య మినహాయింపు అంటారు. క్రీడాకారుల నోట టీయూఈ. జబ్బు చేసిన క్రీడాకారుడికి నిషిద్ధ జాబితాలో ఉన్న మందే అవసరమైతే ముందుగా దరఖాస్తు పెట్టుకుని, వైద్యుల కమిటీ ఒప్పుకుంటే, ఫలానా మోతాదులో ఫలానా రోజుల పాటు వాడుకోవచ్చు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా దీనికి నాలుగు షరతులు పెట్టింది. పరీక్షల్లో తేలిన జబ్బు ఉండాలి, దానికి ఆ మందు అవసరం కావాలి. ఆ మందు మనిషిని మామూలు ఆరోగ్య స్థితికి తేవాలే తప్ప అంతకు మించిన సత్తా ఇవ్వకూడదు. అది ఆ జబ్బుకు వైద్యులు ఒప్పుకున్న చికిత్స అయి ఉండాలి, నిషేధం లేని మరో మందుతో పని జరిగే వీలు ఉండకూడదు. గతంలో అనుమతి లేకుండా వాడిన నిషిద్ధ మందు వల్లే ఈ అవసరం వచ్చి ఉండకూడదు.

మొదటిదీ మూడోదీ నాలుగోదీ కాగితాలతో, పరీక్షలతో తేలే విషయాలు. వైద్య మినహాయింపుల మీద నడిచిన నైతిక చర్చ అంతా రెండో షరతు చుట్టూనే తిరుగుతుంది. మామూలు ఆరోగ్యం అంటే ఎవరి మామూలు? ఏడాది పొడవునా కొలతల ప్రకారం తింటూ, కొలతల ప్రకారం నిద్రపోతూ, ఒంట్లో కొవ్వు చివరి అంచు దాకా తగ్గించుకున్న మనిషికి మామూలు స్థితి ఏది? అక్కడి నుంచి పైకి ఒక్క మెట్టు జరిగాడో లేదో ఏ కమిటీ కొలవగలదు?

విగ్గిన్స్ వాదన సూటిగానే ఉంది. చిన్నప్పటి నుంచి ఉబ్బసం, గడ్డి పుప్పొడి పడదు, జూన్, జూలై నెలల్లో ఫ్రాన్స్ పొలాల మధ్య తొక్కుతుంటే ఊపిరాడదు, తక్కినవాళ్ళతో సమానంగా నిలబడటానికే ఆ మందు, అదనపు లాభం కోసం కాదు అన్నాడు. ఆ బాధను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. వయ్యారిభామ పూసే కాలంలో తిరుపతి శివార్లలో ఉదయం నడకకు వెళ్ళి పిల్లికూతలతో ఇంటికి తిరిగొచ్చే వాళ్ళకు పుప్పొడి ఏం చేయగలదో ఒకరు చెప్పనక్కర్లేదు.

అయితే ఆ సూదులు పడిన తేదీలు వేరే కథ చెబుతాయి. 2011లో టూర్‌కు ముందు ఒకటి. 2012లో టూర్‌కు ముందు ఒకటి. 2013లో ఇటలీ పందెం జిరో డి ఇటాలియాకు ముందు ఒకటి. మూడు వారాల పాటు సాగే, ఆ ఏడాదికి లక్ష్యంగా పెట్టుకున్న పెద్ద పోటీ ఎదురుగా ఉన్న మూడు సార్లూ సూది పడింది. 2012లో ఆ సూదికి రెండు వారాల ముందే ఆయన క్రిటేరియం డ్యు డోఫినే అనే మరో పందెం గెలిచాడు. అంతకుముందు అదే ఏడాది పారిస్-నీస్, టూర్ డి రోమండీ కూడా గెలిచాడు. ఊపిరాడని మనిషి సాధించే వరుస కాదది. నిజమే, పుప్పొడి కాలం వేరు, మార్చి వేరు. జూన్‌లో జబ్బు ముదిరి ఉండవచ్చు. కానీ ఆ సూదిని రాబోయే ఇబ్బందిని ముందే ఆపే జాగ్రత్తగా వాడారు. రాబోయే జబ్బుకు ఇంత బలమైన మందు వాడొచ్చా అన్న చోట చట్టం మాట్లాడలేదు. నీతి మాట్లాడాల్సి వచ్చింది.

బలమైన మందు అనడానికి కారణం ఉంది. స్టిరాయిడ్ అంటే మన ఇళ్ళలో మొహం ఉబ్బడం, ఒళ్ళు రావడం గుర్తొస్తాయి. రోజుకు ఐదారు గంటలు తొక్కుతూ తిండి తూచుకుని తినే మనిషి ఒంట్లో మాత్రం లెక్క తిరగబడుతుందని ఆ మందు వాడిన సైక్లిస్టులే చెప్పారు. డోపింగ్ చేశానని ఒప్పుకుని నిషేధం అనుభవించి తిరిగొచ్చిన డేవిడ్ మిల్లర్, తాను వాడిన వాటిలో ఇదే అత్యంత బలమైన వాటిలో ఒకటని, దీనితో బరువు దిగిపోయినా సత్తా తగ్గలేదని వివరించాడు. కొండ దారుల్లో గెలుపోటములు తేలేది అక్కడే. కాళ్ళ నుంచి వచ్చే శక్తిని ఒంటి బరువుతో భాగించగా వచ్చేదాని మీదే ఎక్కే వేగం చాలావరకు ఆధారపడుతుంది. అలిపిరి దగ్గర మొదలుపెట్టి 3,550 మెట్లూ చంకలో పసిబిడ్డతో ఎక్కడానికీ, ఒట్టి చేతులతో ఎక్కడానికీ ఎంత తేడా ఉందో కొండెక్కిన ప్రతివాళ్ళకూ తెలుసు. ఆల్ప్స్ కనుమల్లో ముందు వరుసలో తొక్కేవాడికి రెండు కిలోలు తగ్గడం అంత పెద్ద సంగతి.

ఈ మందుకు సైక్లింగులో పాత చరిత్ర కూడా ఉంది. 1999 టూర్‌లో అమెరికా సైక్లిస్టు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ మూత్రంలో దొరికిన ఆనవాళ్ళు దీనివే. సీటు రాపిడి పుండ్లకు రాసుకున్న పూత వల్ల వచ్చిందంటూ పాత తేదీ వేసిన మందుల చీటీ ఒకటి చూపించి బయటపడ్డాడు. ఆ చీటీ తర్వాత పుట్టించిందని 2012లో అమెరికా డోపింగ్ నిరోధక సంస్థ నివేదిక బయటపెట్టింది. ఆయన ఏడు టూర్ విజయాలూ రద్దయ్యాయి. విగ్గిన్స్ కథను ఆర్మ్‌స్ట్రాంగ్ కథతో ఒకే గాటన కట్టడం అన్యాయం. ఒకటి మోసం. మరొకటి నియమాల ప్రకారం, సమాఖ్య అనుమతితో జరిగింది. అయితే 1999 తర్వాత, అంత జరిగాక కూడా, అదే మందుకు అదే పోటీ ముందు అనుమతి అడగడానికి ఒక జట్టు వెనకాడలేదు, ఇవ్వడానికి సమాఖ్య వెనకాడలేదు. వ్యవస్థకు అసలు ప్రశ్న వేయాల్సింది ఇక్కడ.

ఈ సంగతులు బయటికొచ్చిన తీరు కూడా మంచిది కాదు. 2016 సెప్టెంబరులో ఫ్యాన్సీ బేర్స్ అనే హ్యాకర్ల ముఠా వాడా కంప్యూటర్లలోకి చొరబడి క్రీడాకారుల వైద్య రహస్యాలు దొంగిలించి లోకం మీదకు వదిలింది. ఏ తప్పూ చేయని వాళ్ళ జబ్బులు కూడా వీధిన పడ్డాయి. జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ తనకు ఏకాగ్రత లోపం ఉందని, చిన్నప్పటి నుంచి మందు వాడుతున్నానని, అందులో సిగ్గుపడేదేమీ లేదని చెప్పుకోవాల్సి వచ్చింది. ఆమె మాట నూటికి నూరు పాళ్ళు నిజం. అసలు ఆ మాట చెప్పాల్సిన అవసరమే రాకూడదు.

2018 మార్చిలో బ్రిటన్ పార్లమెంటరీ కమిటీ ఒకటి, విగ్గిన్స్ జట్టు టీమ్ స్కై నియమాలు దాటకపోయినా నైతిక గీత దాటిందని, ఆ మందును చికిత్సకే కాక సత్తా పెంచుకోవడానికీ వాడిందని తేల్చింది. జట్టూ విగ్గిన్సూ గట్టిగా ఖండించారు. ఆ సూదుల విషయంలో ఎవరి మీదా డోపింగ్ కేసు నిలబడలేదు. ఆ జట్టు మొదలైంది మాత్రం మచ్చలేని సైక్లింగు మా బాట అని చాటుకుని. పక్కవాళ్ళ కన్నా ఎక్కువ మాట ఇచ్చినవాళ్ళను పక్కవాళ్ళ కన్నా గట్టి కొలతతో కొలవడం న్యాయమే.

మరి మినహాయింపులే వద్దనేస్తే సరిపోతుందా? చాలామంది అభిమానులు కోపంలో అనే మాట అదే. ఆ మాట ఎంత క్రూరమో తెలియాలంటే టీమ్ నోవో నార్డిస్క్ వైపు చూడాలి. ఆ ప్రొఫెషనల్ జట్టులో తొక్కేవాళ్ళందరికీ మధుమేహమే. ఇన్సులిన్ పోటీలప్పుడూ, పోటీలు లేనప్పుడూ నిషిద్ధ జాబితాలో ఉన్న మందు. మినహాయింపు లేకపోతే మొదటి రకం మధుమేహం ఉన్న పిల్లాడికి సైకిల్ పందెం జీవితాంతం మూసిన తలుపే. ఇక్కడ మందు ఒంట్లో లేనిదాన్ని భర్తీ చేస్తుంది. జబ్బు టూర్ ముందు వచ్చి టూర్ అయ్యాక పోయేది కాదు. పండగ రోజూ, పరీక్ష రోజూ, పందెం రోజూ ఒకే మందు. ఇలాంటి చోట అనుమతి ఇవ్వడానికి సందేహించడమే తప్పు.

ఉబ్బసం ఆ స్టిరాయిడ్ సూదికీ, ఈ ఇన్సులిన్‌కూ మధ్యలో నిలుస్తుంది. గంటల తరబడి చల్లని, పొడి గాలిని నోటితో పీల్చే వాళ్ళలో శ్వాసనాళాలు బిగుసుకుపోవడం మామూలు జనం కన్నా ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే సైక్లిస్టుల్లో ఇంతమందికి ఉబ్బసమా అని నవ్వడం సరి కాదు. ఉబ్బసానికి పీల్చే సాల్బుటమాల్ పంపుకు ఇప్పుడు మినహాయింపు అక్కర్లేదు. 24 గంటల్లో 1,600 మైక్రోగ్రాములు, ఏ ఎనిమిది గంటల్లోనూ 600 మించకుండా పీల్చుకోవచ్చు. మూత్రంలో మిల్లీలీటరుకు 1,000 నానోగ్రాములు దాటితే మాత్రం వివరణ ఇచ్చుకోవాలి. 2017లో స్పెయిన్ పందెం వుయెల్టాలో బ్రిటన్ రైడర్ క్రిస్ ఫ్రూమ్ నమూనాలో 2,000 వచ్చింది. నెలల తరబడి నిపుణులూ న్యాయవాదులూ వాదించాక 2018 జూలైలో కేసు మూసేశారు. ఇటలీ రైడర్ డియెగో ఉలిసి 2014 జిరోలో ఇలాగే దొరికి తొమ్మిది నెలల నిషేధం అనుభవించాడు. అలెసాంద్రో పెటాకీ 2007 జిరోలో దొరికాడు. మోసం చేసే ఉద్దేశం లేదని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం ఒప్పుకుంది, నిషేధం మాత్రం తప్పలేదు. ముగ్గురి శరీరాలూ వేరు, ముగ్గురి కేసులూ వేరు, ఏళ్ళు గడిచేకొద్దీ శాస్త్రజ్ఞానమూ పెరిగింది. అయినా మంచి నిపుణుణ్ణి పెట్టుకోగల స్తోమత తీర్పులో ఎంత పాలు పంచుకుందన్న అనుమానం మిగిలే ఉంది.

నిజానికి ఈ చిక్కుకు సైక్లింగు లోపలే ఒక జవాబు పుట్టింది. 2001 టూర్‌లో విశ్రాంతి రోజున జోనథన్ వాటర్స్ అనే అమెరికన్‌ను కంటి దగ్గర కందిరీగ కుట్టింది. కన్ను పూర్తిగా మూసుకుపోయింది. కార్టిజోన్ అనే స్టిరాయిడ్ సూది ఒక్కటి వేస్తే దిగిపోయే వాపు. నియమం ఒప్పుకోదు కాబట్టి ఆయన జట్టు మేనేజరు రోజే లెజే సూది వద్దన్నాడు. వాటర్స్ ఇంటికి వెళ్ళిపోయాడు. చూడ్డానికి అమానుషంగా ఉంటుంది. అయితే ఆ లెజే తర్వాత నమ్మదగిన సైక్లింగు కోసం జట్లు స్వచ్ఛందంగా కలిసి 2007లో పెట్టుకున్న ఎంపీసీసీ అనే ఉద్యమానికి అధ్యక్షుడయ్యాడు. దాని నియమం ప్రకారం, మందు అవసరమైతే వేసుకోవాల్సిందే, వేసుకున్నాక కనీసం ఎనిమిది రోజులు పోటీకి దూరంగా ఉండాలి. బయటి నుంచి స్టిరాయిడ్ వాడితే ఒంట్లో సహజంగా పుట్టే కార్టిసాల్ అనే హార్మోను తగ్గుతుంది; రక్తంలో అది పడిపోయి ఉంటే ఆ రైడర్‌ను జట్టే బరిలోకి దింపకూడదు. 2014లో అమెరికా రైడర్ క్రిస్ హార్నర్ ముందు ఏడాది గెలిచిన వుయెల్టాను నిలబెట్టుకోవడానికి స్పెయిన్ చేరుకున్నాడు. ఊపిరితిత్తుల జబ్బుకు మినహాయింపు తీసుకున్నాకే కార్టిజోన్ వాడాడు. యూసీఐ నియమాల ప్రకారం తొక్కడానికి అడ్డేమీ లేదు. కార్టిసాల్ తక్కువగా తేలింది, జట్టు ఎంపీసీసీలో ఉంది, అందుకే పోటీ మొదలవక ముందే తప్పించారు.

హార్నర్‌కు జరిగినదాన్ని శిక్షగా చూడకూడదు. కార్టిసాల్ పడిపోయిన ఒంటితో మూడు వారాలు కొండలెక్కడం ప్రమాదం. కింద పడి దెబ్బ తగిలితే, జ్వరం వస్తే ఆ శరీరం తట్టుకోలేదు. ఆసుపత్రిలో ఏ వైద్యుడైనా అలాంటి రోగికి చెప్పే మొదటి మాట విశ్రాంతి. క్రీడా వైద్యుడి నోట అదే మాట రావడం ఎందుకు అరుదైంది? ఇన్సులిన్ లాంటి నిత్య చికిత్సలకూ, పోటీ ముందు వేసే బలమైన స్టిరాయిడ్ సూదులకూ ఒకే రకం దరఖాస్తు, ఒకే రకం షరతులు పెట్టడమే ఈ వ్యవస్థలోని పెద్ద లోపం. మొదటి దానికి అనుమతి ఉదారంగా ఇవ్వాలి. రెండో దానికి అనుమతి కాదు, సెలవు ఇవ్వాలి. ఫ్రూమ్ తనకు గతంలో రెండు సార్లు ప్రెడ్నిసొలోన్ అనే స్టిరాయిడ్‌కు మినహాయింపు దొరికినా, 2015 టూర్ చివరి వారంలో జబ్బు చేసినప్పుడు అడగలేదని, అడగడం నైతికంగా సరిగా అనిపించలేదని తర్వాత చెప్పాడు. నియమం ఇచ్చే వీలును రైడరే మనస్సాక్షితో వదులుకోవాల్సి వచ్చిందంటే నియమంలోనే వెలితి ఉన్నట్టు.

నియమాలు కొంత కదిలాయి. 2014లో ఒకే వైద్యుడి సంతకంతో ఫ్రూమ్‌కు మినహాయింపు దక్కిందన్న విమర్శ తర్వాత యూసీఐ ముగ్గురు వైద్యుల ఏకాభిప్రాయం తప్పనిసరి చేసింది. 2009లో 239 మినహాయింపులు ఇచ్చిన సమాఖ్య 2015లో ఇచ్చినవి 13. అందులో కొంత తగ్గుదల పంపులకు అనుమతి అక్కర్లేకుండా పోవడం వల్ల వచ్చింది కాబట్టి అదంతా నీతి ఖాతాలో వేయకూడదు. 2022 జనవరి నుంచి పోటీ సమయంలో గ్లూకోకార్టికాయిడ్ (ఈ రకం స్టిరాయిడ్) సూదిని ఎక్కడ వేసినా, కీలులోనైనా సరే, వాడా నిషేధించింది. పోటీకి ఎన్ని రోజుల ముందు ఆపాలో కూడా చెప్పింది. కండలోకి వేసే డెక్సామెథాసోన్‌కు 5 రోజులు. ట్రయామ్సినొలోన్‌కు 60 రోజులు. ఆ 60 రోజుల లెక్కే 2012లో ఉండి ఉంటే జూన్ చివరి సూదితో జూలై టూర్ పొసగేది కాదు.

రహస్యం విషయంలో దారి లేకపోలేదు. పేర్లు చెప్పనక్కర్లేదు. ఏ మందుకు, ఏ నెలలో, ఏ పోటీకి ఎన్ని రోజుల ముందు ఎన్ని అనుమతులు ఇచ్చారో ఏటా ప్రకటిస్తే చాలు. పెద్ద పోటీల ముందు ఒకే మందుకు అనుమతులు గుంపుగా పడుతుంటే ఎవరి జబ్బూ బయటపెట్టకుండానే కనిపిస్తుంది.

ఇదంతా ఎక్కడో ఫ్రాన్సు, ఇటలీ కనుమల గొడవ అనుకుంటే పొరపాటు. 2023లో భారత్‌లో పరీక్షించిన 5,606 నమూనాల్లో 213 పాజిటివ్ వచ్చాయి. ఎక్కువ పరీక్షలు చేసే దేశాల్లో అంత శాతం మరెక్కడా లేదు. వాటిలో తెలిసి చేసిన మోసాలు చాలానే ఉంటాయి, వెనకేసుకు రావాల్సిన పని లేదు. అయితే చిత్తూరు, పలమనేరు, పుంగనూరు పల్లెల్లో వైద్యం నడిచే తీరు తెలిసినవాళ్ళకు ఇంకో భయం ఉంటుంది. దగ్గు, జ్వరం, ఆయాసం అని ఆర్ఎంపీ దగ్గరకు పోతే తొందరగా తేలికపడాలని డెక్సా (డెక్సామెథాసోన్) సూది వేసే అలవాటు ఉంది. ఏ మందు వేశారో చీటీ మీద రాయరు. చాలాసార్లు చీటీయే ఉండదు. మరో రెండు రోజుల్లో సెలెక్షన్లు ఉన్న పిల్లాడికి ఆ సూది ఏమిటో తెలియదు, రేపు కప్పులో మూత్రం పట్టివ్వమన్నప్పుడు చెప్పడానికి పేరు కూడా ఉండదు.

ఆ పిల్లాడు విశ్రాంతి తీసుకోవచ్చు కదా అనడమూ తేలికే. సెలెక్షన్ ఏడాదికొకసారి వస్తుంది. దాని వెనక స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగమో పోలీసు ఉద్యోగమో ఉంటుంది, దాని వెనక ఒక కుటుంబం అప్పు ఉంటుంది. టూర్ ముందు విశ్రాంతి తీసుకోలేని కోటీశ్వరుడి కన్నా ఈ పిల్లాడి తొందరలో న్యాయం ఎక్కువ. అయినా వ్యవస్థ దృష్టిలో చీటీ ఉన్న మొదటివాడు నిర్దోషి, చీటీ లేని రెండోవాడు దోషి.

మన దేశంలో ఈ అనుమతులు ఇచ్చేది జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ నాడా. 2022లో వచ్చిన జాతీయ డోపింగ్ నిరోధక చట్టం దానికి చట్టబద్ధత ఇచ్చింది. దరఖాస్తు పోటీకి కనీసం 30 రోజుల ముందు చేరాలి. జాతీయ స్థాయికి చేరని క్రీడాకారులకు, అత్యవసర చికిత్స పొందినవాళ్ళకు తర్వాత కూడా అడిగే వీలుంది. ఈ వీలు చాలా మంచిది, చాలా తక్కువ మందికి తెలుసు. కానీ ముందు అడిగినా తర్వాత అడిగినా కావలసింది ఒకటే: జబ్బును నిరూపించే పరీక్ష ఫలితాలు, వైద్యుడి సంతకంతో మందు పేరు, మోతాదు, తేదీలు. ఉబ్బసమని నోటితో చెబితే సరిపోదు. యంత్రంలోకి ఊదించి, పంపు కొట్టాక ఊపిరి ఎంత మెరుగైందో అంకెల్లో చూపించాలి.

తిరుపతిలో ఎస్వీ మెడికల్ కాలేజీ, రుయా, స్విమ్స్ ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. ఎస్వీ యూనివర్సిటీ మైదానం వాటికి దూరమేమీ కాదు. నెలకో పూట క్రీడాకారుల కోసం ఓపీ పెట్టి, ఊదే పరీక్ష చేసి, వాడుతున్న మందులను నిషిద్ధ జాబితాతో సరిచూసి, అవసరమైన వాళ్ళకు నాడా దరఖాస్తు నింపి పెట్టడానికి కొత్త భవనం గానీ కొత్త జీవో గానీ అక్కర్లేదు. జిల్లా సెలెక్షన్లకు ఆధార్, పుట్టిన తేదీ కాగితం తెమ్మనే కోచ్‌లు గత నెల వాడిన మందుల చీటీ కూడా తెమ్మంటే, ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకునే పిల్లాడు ముందుగా దాని పేరు అడిగి రాయించుకుంటాడు.